వేళ కాని వేళ

రాకకు తిథి అంటూ లేనివాడు అతిథి అని ఆ మాటకు సంప్రదాయం చెప్పే వ్యుత్పత్తి. పెళ్ళికో పేరంటానికో పిలుపందుకుని వచ్చేవాడు చుట్టం కావచ్చు, బంధువు కావచ్చు, అతిథి మాత్రం కాడు. ఏ రోజు వస్తాడో, ఏ పూట వస్తాడో ఇంటివారికి తెలియకుండా వచ్చి గుమ్మంలో నిలబడినవాడికే ఆ పేరు చెల్లుతుంది. ధర్మశాస్త్రాలు గృహస్థుడు రోజూ చేయవలసిన పనుల్లో అతిథిపూజను చేర్చి, దాన్ని యజ్ఞాలతో సమానం చేశాయి. అయితే ఈ మాటలన్నీ వచ్చేవాడి వైపు నుంచీ, అరుగు మీద ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చే గృహస్థుడి వైపు నుంచీ చెప్పినవే గానీ వంటింటి వైపు నుంచి చెప్పినవి కావు. వచ్చేవాడికి తిథి లేదంటే వండేవారికి వేళ లేదనే అర్థం. పగటి భోజనాలయి, గిన్నెలు తోమి బోర్లించి, పొయ్యి అలికిన తర్వాత గుమ్మంలో మనిషి అలికిడి అయితే, మళ్ళీ ఎసరు పెట్టవలసింది ఎవరో శాస్త్రం చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచనూ లేదు.

ఇంటిని తన భుజాల మీద నడిపిస్తూ, అదే చేత్తో ఇరుగుపొరుగుకూ ఊరికీ అక్కరకు వచ్చే స్త్రీని తెలుగువారు పెద్దదిక్కు అంటారు. దిక్కు అన్న మాటలో ఆధారం, దిశ అనే అర్థాలు రెండూ ఉన్నాయి. సమాజశాస్త్రం వాడే మాతృస్వామ్యం అన్న పరిభాష అధికారాన్ని చెబుతుంది. ఇల్లాలు అన్న మాట భర్తతో కలిపి చూపిస్తుంది. పెద్దదిక్కు అన్నప్పుడు మాత్రం, ఆ మనిషి లేకపోతే మిగిలినవాళ్ళు ఎటు తిరగాలో తెలియక నిలబడిపోతారన్న సంగతి ముందుకొస్తుంది. అటువంటి మనిషి పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళు చెప్పుకునే మాటలు దాదాపు అన్ని ఊళ్ళలోనూ ఒకటే: ఎంతమందికి పెట్టిందో మహాతల్లి, ఆమెది పెట్టే చెయ్యి. పెట్టే చెయ్యి అందరికీ గుర్తుంటుంది. ఆ చేతి మీద ఆవిరికి కాలిన మచ్చ, రోకలి పట్టి కాసిన కాయ గుర్తుండేది ఇంట్లో ఒకరిద్దరికి, అదీ ఆడపిల్లలకే. ఒమన్ రాజధాని మస్కట్‌కు పడమరగా, సీబ్ విలాయత్‌లో ఉన్న అల్ మవాలే వంటి పేటలో బతికే తెలుగు ఆడవారి రోజును చూస్తే (విలాయత్ అంటే మన తాలూకా వంటి పాలనా విభాగం) ఈ మతిమరుపు ఎంత పాతదో, ఎంత దూరం ప్రయాణం చేసి వచ్చిందో తెలుస్తుంది. కానీ అక్కడికి చేరే ముందు గోదావరి లంకల్లో కాసేపు ఆగక తప్పదు.

తెలుగునాట పెద్దదిక్కు అన్న మాటకు నిలువెత్తు రూపంగా జనం నిలుపుకున్న మనిషి డొక్కా సీతమ్మ. 1841లో మండపేటలో అనుప్పిండి భవానీ శంకరం, నరసమ్మ దంపతులకు పుట్టింది. వచ్చినవారికల్లా అన్నం పెట్టే ఆ తండ్రిని ఊరు బువ్వన్న అని పిలిచేది; ఒక పెద్దమనిషికి పసిపిల్లల నోటి మాటతో పేరు పెట్టిన ఆ ఊరి చమత్కారంలో ఎగతాళి కన్నా చనువే ఎక్కువ. తల్లి చిన్నతనంలోనే పోవడంతో ఇంటిపని సీతమ్మ చేతికి వచ్చింది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న ఒక ప్రయాణంలో వేళ తప్పి బువ్వన్న ఇంటికి వచ్చి, ఆ పిల్ల పెట్టిన అన్నం తిని, ఆమె నేర్పు చూసి తర్వాత పెళ్ళాడాడని చెబుతారు. కాపురానికి వచ్చినది మొదలు 1909 ఏప్రిల్ 28న కన్నుమూసేదాకా ఆమె ఇంట్లో పొయ్యి, ఊరికీ ఊరి మీదుగా పోయేవారికీ వెలుగుతూనే ఉంది. ఆమె పేరుకు ముందు అపర అన్నపూర్ణ అని చేర్చకుండా రాసినవారు అరుదు. ఇంటిపేరు సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవచ్చు: డొక్క అంటే కడుపు, కోనసీమలో కొబ్బరికాయ వలిచిన తొక్కనూ డొక్క అనే అంటారు, ఆ తొక్క ఎండితే పొయ్యిలోకి వస్తుంది. ఆకలీ, దాన్ని తీర్చే మంటా ఒకే ఇంటిపేరులో ఒదిగాయి. ఇది కేవలం కాకతాళీయమే, అయినా పైకి చెప్పకుండా ఊరుకోవడం కష్టం.

సీతమ్మ గుమ్మానికి మనుషులు వేళ కాని వేళ రావడానికి వాళ్ళ స్వభావం కారణం కాదు, నది కారణం. ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా చీలి సముద్రం దాకా నేలను ముక్కలు చేస్తుంది. పాయల నడుమ ఒండ్రు పేరుకుని ఏర్పడిన దిబ్బలను లంకలంటారు, గన్నవరం పేరుకు ముందున్న లంకల అన్న మాట అక్కడిదే. ఆ ఊరు వైనతేయ పాయకు దగ్గర. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయి, గన్నవరం దగ్గర 49 ఖానాల అక్విడక్టు కూడా లేచింది. అక్విడక్టు అంటే నది మీద వంతెనలా కట్టి, ఆ వంతెన మీదుగా కాలువను అవతలి ఒడ్డుకు దాటించే కట్టడం. నీళ్ళు దాటాయి, పొలాలు పండాయి, జోగన్న వంటి రైతుల గాదెలు నిండాయి. మనుషుల దాటుడు మాత్రం చాలా కాలం రేవుల మీదే, పడవల మీదే సాగింది. పడవ ప్రయాణానికి గడియారం లేదు. గాలి ఎదురైతే ఆలస్యం, వరదొస్తే ఆలస్యం, పోటుపాటులు కుదరకపోతే ఆలస్యం, పడవవాడు అన్నానికి పోతే మరీ ఆలస్యం. పొద్దున్నే బయల్దేరిన మనిషి మిట్టమధ్యాహ్నానికి రావచ్చు, నడిరాత్రికి రావచ్చు. పూటకూళ్ళ ఇళ్ళూ సత్రాలూ ఆ కాలంలో లేకపోలేదు. సత్రం అంటే బాటసారులకు బసా భోజనమూ ఉచితంగా ఇచ్చే ధర్మసంస్థ. కానీ సత్రానికి కట్టడి ఉంటుంది, వడ్డనకు వేళ ఉంటుంది, చాలాచోట్ల ఏ కులంవారికి ఎక్కడ పంక్తి అన్న లెక్క కూడా ఉండేది. సీతమ్మ ఇంటిని సత్రం నుంచి వేరు చేసినవి రెండే: ఎవరని అడగకుండా పెట్టడం, ఎప్పుడని చూడకుండా పెట్టడం. ఆమె జీవితం రాసినవారు మొదటిదాన్ని ఎంతో మెచ్చుకున్నారు. రెండోదానిలో ఉన్న కష్టమూ తక్కువది కాదు.

ఆ కష్టం ఏమిటో తెలియాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. అప్పటికి ఊరూరా బియ్యం మరలు రాలేదు; గాదెలో ఉన్నవి వడ్లు, వాటిని రోట్లో పోసి దంచి, చేటలో చెరిగి, నూకా తవుడూ వేరు చేస్తే గానీ బియ్యం కనబడవు. కొలతలు సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, ఒక్కొక్కటీ ముందుదానికి రెండింతలు. పంక్తి పెద్దదయితే కుంచాల లెక్కన గుండిగలో ఉడికించి గంజి వారుస్తారు. వార్చడం అంటే ఉడికిన అన్నాన్ని మూత బిగించి పట్టి వంచి, మిగిలిన నీటిని చిక్కటి గంజిగా బయటికి పంపడం, అందులో చెయ్యి కాలని వంటమనిషి లేదు. పంక్తి లేచిపోయాక వచ్చిన ఒక్క మనిషి కోసం గుండిగ ఎక్కించరు. అందుకు అత్తెసరు ఉంది. బియ్యానికి సరిపడా మాత్రమే నీళ్ళు పోసి, వార్చే పని లేకుండా ఆ నీటిలోనే ఇమిడేటట్టు వండే పద్ధతి అది. గిన్నెలో బియ్యం పోసి, వాటి పైన నిటారుగా వేలు ఆనించి, నీళ్ళు మొదటి కణుపు దాటేదాకా పోస్తే చాలు. తాసూ తరాజూ అక్కరలేని కొలత అది, దాన్ని ఎవరి వేలు వారు మోసుకు తిరగవచ్చు. అత్తెసరు పెట్టాలన్నా నిప్పు కావాలి కనుక, పొయ్యిలో నిప్పును పూర్తిగా చల్లార్చకుండా పిడక కప్పెట్టి పైన బూడిద నెట్టి ఉంచుతారు. బూడిద కింద నిప్పు ఉండడమే ఆ ఇల్లు వేళ లేని ఇల్లు అనడానికి గుర్తు. గన్నవరంలోని ఆ ఇంటి వైభవాన్ని చెప్పే కథల్లో గాదెలూ గుండిగలూ కనబడతాయి. వడ్లు దంచిన ఆడవాళ్ళూ, నీళ్ళు మోసినవాళ్ళూ, అరటాకులు కోసి తెచ్చిన పాలేళ్ళూ పేర్లతో సహా మరుగున పడిపోయారు. సీతమ్మ గొప్పతనం వాళ్ళ పేర్లు చెబితే తరిగేది కాదు. ఎన్ని చేతులు కలిస్తే ఒక పెట్టే చెయ్యి అవుతుందో మాత్రం అప్పుడు తెలిసేది.

సీతమ్మ గురించి ప్రచారంలో ఉన్న కథల్లో అన్నిటికన్నా చిన్నదే అన్నిటికన్నా లోతైనది. వసిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న అంతర్వేదిలో నరసింహస్వామిని చూడాలని ఆమెకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. ఇంట్లో అన్నం పెట్టే పని ఆగదు కనుక కుదరలేదు. ఎట్టకేలకు బయల్దేరింది. దారిలో, పిల్లలతో నడిచి వస్తున్న ఒక బిడారం ఆకలికి తాళలేక, ఇంకాస్త దూరం నడిస్తే గన్నవరంలో సీతమ్మగారి ఇల్లు వస్తుంది, అక్కడ అన్నం దొరుకుతుంది అని ఒకరినొకరు ఊరడించుకోవడం ఆమె చెవిన పడింది. ఆమె అంతర్వేది వెళ్ళలేదు, ఇంటికి తిరిగింది. ఈ కథ చెప్పేవారు సాధారణంగా ఆకలిగొన్నవారిలోనే ఆమె దేవుణ్ణి చూసిందని ముగిస్తారు. అది తప్పు కాదు గానీ, కథలోని చేదును అది కాస్త తీపి చేస్తుంది. ఒక స్త్రీ జీవితంలో తన కోసమని చేసుకున్న ఒక్క ప్రయాణం సగంలో ఆగిపోయింది. తాను లేకపోతే ఆ ఇంట్లో ఆ పూట ఆ బిడారానికి అన్నం పుట్టదన్న భయం ఆమెకు ఉందంటే, ఆ ధర్మమంతా ఎంత మేరకు ఒక్క మనిషి ఒంటి మీద నిలబడిందో తెలుస్తుంది. ఆమె జీవితకాలంలోనే, 1867లో, తమిళనాట వడలూరులో రామలింగ స్వామి ఆకలిగొన్నవారి కోసం ధర్మశాలను నెలకొల్పారు. అక్కడ ఆనాడు రాజేసిన పొయ్యి ఇప్పటికీ ఆరలేదని చెబుతారు. వడలూరుది సంస్థ, వంతులవారీగా మనుషులు మారవచ్చు. గన్నవరానిది ఇల్లు, ఇంట్లో వంతులుండవు.

భారతకథలో ద్రౌపదికి అక్షయపాత్ర దొరికిన ఘట్టం తెలియనివారు ఉండరు. వనవాసంలో ధర్మరాజు సూర్యుణ్ణి వేడుకుని తెచ్చిన ఆ పాత్రలో ఎంతమంది తిన్నా అన్నం తరగదు, అయితే ఒక నియమం: ఆ రోజుకు ద్రౌపది భోజనం అయ్యేదాకానే. దుర్వాసుడు శిష్యులతో దిగినది ఆమె తిని పాత్ర కడిగాక. తెలుగు పిల్లలకు ఈ కథ చెప్పే పెద్దలు పాత్ర అడుగున అంటుకున్న మెతుకు దగ్గరికి, దాన్ని నోట్లో వేసుకున్న కృష్ణుడి దగ్గరికి గబగబా వెళ్ళిపోతారు. నియమం దగ్గర ఎవరూ ఆగరు. తరగని పాత్రకు ఆడమనిషి భోజనమే గడువుగా పెట్టిన ఆ కథలో ఇంటింటి వాడుక దాగి ఉంది: ఆమె తిన్నదంటే ఇంట్లో ఇక ఎవరికీ ఏమీ లేదని అర్థం, ఎవరైనా వస్తారేమో అన్న అనుమానం ఉన్నంతసేపు ఆమె తినకూడదని దాని తాత్పర్యం. ఆ లెక్కన అతిథికి తిథి లేకపోవడం ఇల్లాలి అన్నానికి వేళ లేకపోవడంగా మారుతుంది. కుటుంబంలో పెద్దదిక్కును తలుచుకునేటప్పుడు, ఆవిడ ఎప్పుడు తినేదో మాకెవరికీ తెలియదు అని పిల్లలు చెప్పే మాటను పొగడ్తగా వినడం మనకు అలవాటు. అది పొగడ్తా, ఒప్పుకోలా అన్నది విడదీసి చూడవలసిన సంగతి.

ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవాలకు రమ్మని 1903లో ఆమెకు పిలుపు వచ్చిందనీ, ఇల్లు వదిలి రాలేనని ఆమె చెబితే అధికారులు ఫోటో తీయించి తీసుకెళ్ళి సభలో ఒక కుర్చీలో ఉంచి గౌరవించారనీ ప్రసిద్ధి. ఈనాటి గౌరవాలు మరికొన్ని: వైనతేయ మీద పాత అక్విడక్టుకు బదులు కట్టి 2000లో ప్రారంభించిన కొత్తదానికి ఆమె పేరు పెట్టారు; ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టి, 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు కూడా దాన్ని విస్తరించింది. ఆ పేరు పెట్టడం సముచితమే, అంతకన్నా తగిన పేరు దొరకదు. కానీ మధ్యాహ్నం అన్న మాట పక్కన సీతమ్మ పేరు చూసినప్పుడు చిన్న విడ్డూరం తోచకపోదు: గంట కొట్టగానే మొదలై గంట కొట్టగానే ముగిసే భోజనానికి, ఏ గంటకూ కట్టుబడని మనిషి పేరు. ఆ పథకం కింద బడిలో వండేది కూడా ఊరి ఆడవాళ్ళే. సీతమ్మ వారసులను వెతకాలంటే ఫలకాల మీద కన్నా ఆ బడి వెనక వంటపాక దగ్గర వెతకడం మేలు.

వెతకవలసిన మరో చోటు అల్ మవాలే. విమానాశ్రయం దాటి సుల్తాన్ ఖాబూస్ రహదారి మీద పడమరగా వస్తే తగిలే పేట అది. తెల్లటి విల్లాలూ, నాలుగైదంతస్తుల ఫ్లాట్లూ, పెద్ద షాపింగ్ మాలూ. మవాలే అన్న మాటకు మూలం అరబ్బీలో ఉప్పును చెప్పే ధాతువు. నిమ్మ, నారింజ జాతి పండ్లనూ ఆ భాషలో అదే మాటతో పిలుస్తారు. ఉప్పూ నిమ్మకాయా కలిసిన పేరున్న చోట తెలుగువాళ్ళు ఊరగాయ పెట్టుకుని బతకడం సహజమే. 2024లో బర్కా వైపు ఖజాయిన్‌కు తరలిపోయేదాకా మస్కట్ మొత్తానికీ పెద్ద పళ్ళ, కూరగాయల మార్కెట్టు ఇక్కడే ఉండేది. పెట్టెల లెక్కన కొంటేనే చవక కనుక, నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఒక పెట్టె టమాటాలో, ఒక బస్తా ఉల్లిపాయలో తెచ్చి పంచుకునే అలవాటు ఆ మార్కెట్టు నేర్పినదే. పంచే లెక్క చూసేది ఎప్పుడూ ఒకావిడే అయి ఉంటుంది. వయసులో అందరికన్నా పెద్దదని కాదు, ఆ ఫ్లాట్లలో అందరికన్నా ముందు వచ్చి స్థిరపడినదని ఆమెను అందరూ అక్కయ్యగారూ అంటారు, పిల్లలు పెద్దమ్మా అంటారు. కొత్తగా దిగిన కుటుంబానికి గ్యాసు బండ వచ్చేదాకా రెండు పూటల కూర పంపేది ఆమె, పురిటికి తల్లి రాలేకపోయిన పిల్లకు కారప్పొడి దంచి ఇచ్చేది ఆమె, ఉద్యోగం ఊడి వీసా గడువు లెక్కపెట్టుకుంటున్న కుర్రాణ్ణి అన్నానికి పిలిచేది ఆమె. ప్రభుత్వ అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం ఒమన్‌లో నేరం. అందుచేత దానం అనేది అక్కడ సంఘం పేరుతో కన్నా ఇంటి గిన్నెతోనే ఎక్కువగా నడుస్తుంది.

ఇక్కడ తిథి సంగతి మళ్ళీ ముందుకొస్తుంది. ఉగాది చైత్రశుద్ధ పాడ్యమి నాడు రావాలి, కానీ అల్ మవాలేలో అది తరచు శుక్రవారం వస్తుంది. 2013 నుంచి ఆ దేశంలో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు కనుక పండగ భోజనాలు పంచాంగాన్ని వదిలి వారాన్ని పట్టుకున్నాయి. పిలుపులు వాట్సాప్‌లో వెళతాయి, ఎవరు ఏం వండి తేవాలో చీటీ ముందే తయారవుతుంది. ఆ భోజనాలకు వచ్చేవారు చుట్టాలే గానీ, పాత నిర్వచనం ప్రకారం అతిథులు కారు. అతిథి అన్నవాడు ఆ పేటలో ఇంకా ఒకడు మిగిలాడు: ఆస్పత్రిలోనో, హోటల్లోనో, విమానాశ్రయంలోనో రాత్రి డ్యూటీ దిగి, క్యాంటీను మూసేశాక గదికి పోతూ దారిలో ఆగే మనిషి. అతడి కోసం చీటీ రాయరు.

ఒమనీల ఇళ్ళలో అతిథిమర్యాదకు ఉన్న స్థానం తక్కువది కాదు. అరబ్బీ కాఫీనీ, వచ్చినవారిని కూర్చోబెట్టే మజ్లిస్ సంప్రదాయాన్నీ యునెస్కో 2015లో మానవజాతి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించినప్పుడు, ఆ గుర్తింపు అందుకున్న నాలుగు దేశాల్లో ఒమన్ ఒకటి. ఒమన్ పల్లెల్లో సబ్లా అని ఒకటి ఉంటుంది, ఊరి మగవారు కూడి మాట్లాడుకునే, బాటసారికి కాఫీ, ఖర్జూరం పెట్టే ఉమ్మడి చావడి. తెలుగు ఊరి అరుగుకూ దానికీ పోలిక వెంటనే తోస్తుంది. లోపల ఎవరు వండారన్న ప్రశ్న దగ్గర కూడా ఆ పోలిక చెడదు. ఇప్పుడు తేడా ఒక్కటే వచ్చింది: గల్ఫ్ దేశాల చాలా ఇళ్ళలో లోపల వండేది పరాయి దేశపు స్త్రీ, ఆ పరాయి దేశపు స్త్రీలలో గోదావరి జిల్లాలవారూ కడపవారూ ఉన్నారు.

వీళ్ళను అక్కడ ఖద్దామా అంటారు, అరబ్బీలో పనిమనిషి అని అర్థం. వీసా ఇప్పించిన యజమాని కఫీల్. ఇంటి యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలవాలి. మామ అన్న మాటను మేనమామకూ, భర్త తండ్రికీ వాడే తెలుగు నాలుక మొదటి నెలంతా ఆ పిలుపు దగ్గర తడబడుతుందంటే నవ్వొస్తుంది గానీ, పిలిచేవారికి నవ్వు రాదు. కోనసీమ పల్లెల్లో ఫలానావారి కోడలు మస్కట్ వెళ్ళింది అన్నది పొరుగూరు వెళ్ళింది అన్నంత మామూలు మాట. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను ఆ సీమలో కొబ్బరితోటలను కూకటివేళ్ళతో పెకలించింది; దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్ళు పడుతుంది, అన్నేళ్ళు అప్పు ఆగదు. గల్ఫ్ దారి అంతకుముందే ఉంది గానీ, ఆ దారి పట్టాలనుకునే ఇంటికి ఇటువంటి ఏడాది ఒక్కటి చాలు. పదో తరగతి దాటని ఆడవారు గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళాలంటే భారత ప్రభుత్వం 30 ఏళ్ళు నిండాలని నియమం పెట్టింది. వయసులో చిన్నవాళ్ళను కాపాడాలన్న ఉద్దేశంతో చేసిన నియమమే, కానీ దాని పర్యవసానం చూడండి: పల్లెలో 30 ఏళ్ళు నిండిన స్త్రీకి ఇద్దరో ముగ్గురో పిల్లలుంటారు, ఆ ఇంటికి ఆమే ఆధారమై ఉంటుంది. అంటే చట్టం ఏరి పంపుతున్నది పెద్దదిక్కులనే.

అలా వెళ్ళినామె రోజుకు రెండు గడియారాలుంటాయి. ఒమన్ సమయం మన కన్నా గంటన్నర వెనక. అక్కడ ఆమె పని తెమిలేసరికి ఇక్కడ పిల్లలు నిద్రపోతారు, ఇక్కడ పిల్లలు బడికి బయల్దేరే వేళకు అక్కడ ఆ ఇంటి పిల్లలను లేపి తయారుచేయాలి. రంజాన్ నెలలో పొద్దు వాలగానే ఉపవాసం విడిచే ఇఫ్తార్‌కూ, తెల్లవారకముందే తినే సుహూర్‌కూ మధ్య ఉన్న రాత్రంతా వంటింటిదే. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఆరుబయట కూలిపని చేయించకూడదని ఒమన్‌లో మంచి నియమం ఒకటి అమలవుతోంది. పొయ్యి ముందు ఎండ ఉండదు కనుక ఆ నియమానికి అక్కడ పని లేదు. ఆమె పంపిన డబ్బుతో ఇల్లు లేస్తుంది, ఆడపిల్ల నర్సింగు చదువుతుంది, మరిది అప్పు తీరుతుంది, ఊరి గుడికి ఫ్యాను వస్తుంది. ఫ్యాను రెక్క మీద పేరు ఉంటే అది మామగారిది ఉంటుంది.

కూతురి పెళ్ళికి సెలవు దొరకని తల్లి పెళ్ళి చూసే తీరు కోనసీమలో ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. మండపానికి ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాని మీద రెండు దిండ్లు పేర్చి, వాటికి ఫోను ఆనించి, వీడియో కాల్ పెడతారు. సన్నాయి జోరుకు ఆమె మాట ఎవరికీ వినబడదు, నెట్టు ఆగినప్పుడల్లా ముఖం నిలిచిపోయి ఫోటో అవుతుంది. తలంబ్రాల బియ్యం గింజలు రెండు ఎగిరి ఆ కుర్చీలో పడతాయి. 1903లో రాలేనన్న ఒక గన్నవరం స్త్రీని కుర్చీలో కూర్చోబెట్టి గౌరవించిన కథనూ, ఈ కుర్చీనీ పక్కపక్కన పెట్టి చూసినవారికి తేడా తెలియకపోదు: ఆమె వెళ్ళనన్నది తన ఇంటి పొయ్యి కోసం, ఈమెను రానివ్వనిది పరాయి పొయ్యి. అయినా మండపంలో భోజనాలు మొదలవగానే ఫోనులోంచి ఆమె మొదట అడిగేది బంతిలో పప్పు సరిపోయిందా అనే.

అల్ మవాలేలో రాత్రి పదకొండున్నర అవుతుంది, అంటే ఊళ్ళో ఒంటిగంట. ఫ్లాటు కింద టాక్సీ తలుపు పడిన చప్పుడు, లిఫ్టు పైకి వస్తున్న చప్పుడు, తర్వాత పక్కింటి కుర్రాడు తాళం చెవి కోసం జేబులు తడుముకునే చప్పుడు. అక్కయ్యగారు తలుపు ఓరగా తీసి తిన్నావా అబ్బాయీ అంటుంది. తినేశానండీ అని అతడంటాడు, అనడంలో ఉన్న తేడా ఆమెకు తెలుస్తుంది. మధ్యాహ్నపు పులుసు ఫ్రిజ్‌లో ఉంది, అన్నమే లేదు. చిన్న గిన్నెలో గుప్పెడున్నర బియ్యం పోసి రెండుసార్లు కడిగి, పైన వేలు ఆనించి కణుపు దాకా నీళ్ళు పోసి, స్టవ్వు వెలిగిస్తుంది. ఆమె కంచం సింకు పక్కన బోర్లించే ఉంది, ఆ పూటకు ఇంకా తడవలేదు. ఒకసారి దానివైపు చూసి గిన్నెలో ఇంకో గుప్పెడు వేస్తుంది.